శ్రీశైలం దారిలో బొంగురు హారన్

దోమలగూడ సందుల్లో పెద్ద బస్సు తిరగదు. అందుకని శ్రీశైలం బయలుదేరిన భజన బృందం సంచులూ, టిఫిన్ క్యారియర్లూ, హార్మోనియం పెట్టే మోసుకుంటూ తెల్లవారుజామున నాలుగున్నరకే ఇందిరా పార్కు పక్క రోడ్డు మీదికి చేరింది. అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల గదుల్లో అక్కడక్కడా లైట్లు వెలుగుతున్నాయి. 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన మీద ఆ వేళకు ఒక్క బండీ లేదు. అద్దె బస్సు డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి, ఇంకా ఎక్కనివాళ్ళను తొందరపెట్టడానికి హారన్ నొక్కాడు.

రావాల్సిన కూత రాలేదు. ముందు గాలి బుస్సుమంది. ఆ వెనక బొంగురుగా ఏదో మూలిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"మంచిదే అయింది. ఇప్పుడు కొట్టే యాళ్ళ కాదు బిడ్డా" అన్నాడు ముందు సీట్లో చేతికర్ర సర్దుకుంటున్న పెద్దాయన.

ఆయన మాటలో చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలకు 2010లో చేసిన సవరణ ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో అత్యవసరమైతే తప్ప హారన్ మోగించకూడదు. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలైనా కొట్టకూడదు. రామకృష్ణ మఠం వారి ఆరోగ్య కేంద్రం, ఏవీ కాలేజీ, గల్లీకో స్కూలు. ఈ లెక్కన టేపు పట్టుకుని కొలిస్తే దోమలగూడలో హారన్ కొట్టడానికి చోటు దొరకడమే కష్టం. అయినా తెల్లారితే చాలు, నారాయణగూడ చౌరస్తా ఎంత మోగిపోతుందో అటు తిరిగేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పెద్దాయన ఆర్టీసీ వర్క్‌షాపులో బ్రేకుల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. బృందంలో అందరికీ "మేస్త్రీ గారు". అమన్‌గల్ వైపు పల్లె నుంచి వచ్చిన కుర్ర డ్రైవరుకు మాత్రం బండి కదలకముందే "కాకా" అయిపోయాడు.

"హారన్ ఖరాబైంది కాకా. డయాఫ్రమ్ పోయినట్టుంది. దార్ల కొత్తది ఏపిస్త" అన్నాడు డ్రైవరు.

"హారన్‌ను తర్వాత తిడుదువు గానీ, గేజీల ముల్లు ఏడుంది చెప్పు."

ముల్లు 4 దగ్గర ఉంది. కింద ఎర్ర లైటు వెలుగుతోంది, బజరు సన్నగా మోగుతూనే ఉంది. రాత్రంతా నిలబెట్టిన బండి. "8 దాకా ఎక్కనియ్యి. అప్పటిదాంక కదలకు" అన్నాడు పెద్దాయన. ఆలస్యమవుతోందని వెనక సీట్ల నుంచి గొణుగుడు మొదలైంది. ఆయన పట్టించుకోలేదు.

లారీకైనా, పెద్ద బస్సుకైనా గాలే ప్రాణం. ఇంజనుతోపాటు తిరిగే కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, ఒత్తి, చాసిస్ కింద వేలాడే ట్యాంకుల్లో నింపుతుంది. డ్రైవర్లు దాన్ని కేజీల్లో చెబుతారు. చదరపు సెంటీమీటరు మీద ఇన్ని కిలోల ఒత్తిడి అని దాని అర్థం. 8 కేజీల దాకా ఎక్కితే ట్యాంకులు నిండినట్టు. అప్పుడు అన్‌లోడర్ వాల్వు తెరుచుకుని కింద "తుస్సు"మంటుంది. ఇక కంప్రెసర్ తిరుగుతున్నా గాలి లోపలికి పోదు. బ్రేకు తొక్కి కొంత ఖర్చయ్యాక మళ్ళీ నింపడం మొదలవుతుంది. బ్రేకులు, హ్యాండ్ బ్రేకు, క్లచ్ బూస్టరు, తలుపులు, హారన్, అన్నీ ఈ గాలి మీదే బతకాలి. అందరికీ ఒకేసారి, ఒకే తీరున మాత్రం అందదు. మన పెళ్ళిళ్ళలో మొదటి బంతి మగపెళ్ళివారిది, వంట మిగిలితేనే చివరి బంతి ఆడపెళ్ళివారిది. ఇక్కడ మొదటి బంతి ముందు చక్రాల బ్రేకులూ, వెనక చక్రాల బ్రేకులూ. ఆ తర్వాత హ్యాండ్ బ్రేకు. హారన్‌ది కట్టకడపటి విస్తరి. ఈ వరస తప్పకుండా చూసేది ప్రొటెక్షన్ వాల్వు అనే చిన్న పెట్టె. ఎక్కడో ఒక పైపు తెగినా మిగతా ట్యాంకుల గాలి దాంతోపాటు పోకుండా కాపాడేదీ అదే.

గాలి తగ్గితే హారన్ గొంతు ముందుగా పడిపోవడం అందుకే. కంపెనీ బిగించినట్టే ఉన్న బండిలో బొంగురు హారన్ అంటే, బ్రేకుల సంగతి ఒకసారి చూసుకోమని బండి చెప్పడమే. చాలామంది డ్రైవర్లు ఆ మాట వినరు. కొత్త హారన్ కొంటారు.

ముల్లు 8 చేరింది. కింద తుస్సుమంది. పెద్దాయన తలూపాడు. బస్సు హిమాయత్‌నగర్ మీదుగా నారాయణగూడ దాటి, కాచిగూడ పక్కగా వెళ్ళి, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటింది.

ఆర్టీసీ అంటే పెద్దాయనకు ఉద్యోగం ఒక్కటే కాదు, వంశచరిత్ర. నిజాం రాష్ట్ర రైల్వే కింద 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా విభాగమే ఇప్పటి సంస్థకు మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ముషీరాబాద్ బస్ భవన్‌లో ఉంది. నంబరు ప్లేటులో కనిపించే "జెడ్" అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీద వచ్చిందంటారు. బస్సులకు ఒకప్పుడు రబ్బరు బుడ్డి హారన్ ఉండేది. కిటికీ బయట, డ్రైవరు చేతికందే చోట. నొక్కితే భోం భోం. దానికి కంప్రెసర్ అక్కర్లేదు, ట్యాంకు అక్కర్లేదు, గాలి ఎక్కలేదన్న మాటే లేదు.

సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ గడిచి తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు దాటాక తెల్లవారింది. శ్రావణ మాసం. రాత్రి కురిసిన వాన రోడ్డు పక్క గుంటల్లో నిలిచి ఉంది. కడ్తాల్ దాకా హారన్ బాగానే పలికింది. మామూలుగా కూడా కాదు, రెండు స్వరాల్లో. బండికి కంపెనీ ఇచ్చినదానికి తోడు ఓనరు ఇంకో జత పొడుగాటి బాకాలు బిగించాడట. క్లీనరు కుర్రాడు ఆ ముక్క గర్వంగా చెప్పాడు. హార్మోనియం వాయించే ఆవిడ అది ఏ శ్రుతో కనిపెట్టాలని కాసేపు ప్రయత్నించి వదిలేసింది.

ఆ గర్వం చట్టం ముందు నిలవదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 119వది, వరసగా రకరకాల స్వరాలు పలికే హారన్లనూ, చెవులు చిల్లులు పడేలా మోగేవాటినీ వాహనానికి బిగించవద్దంటుంది. అవసరం లేకుండా హారన్ కొడితే 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1000, మళ్ళీ దొరికితే 2000 రూపాయల జరిమానా. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు అప్పుడప్పుడూ ప్రత్యేకంగా తనిఖీలు పెట్టి ఇలాంటివి ఊడబెరుకుతారు. ఊడబెరికినవాటికి బదులు కొత్తవి రాణిగంజ్ దుకాణాల్లో దొరక్కపోవు.

అమన్‌గల్ దగ్గర టీకి ఆగారు. బయలుదేరుతూ డ్రైవరు హారన్ నొక్కితే మళ్ళీ పొద్దుటి మూలుగే. కాకపోతే ఈసారి గేజీ ముల్లు 8 మీద నిలబడి ఉంది.

"చూస్తివా కాకా? గాలి ఫుల్లుంది. నేను చెప్పింది గదనే, డయాఫ్రమ్" అన్నాడు డ్రైవరు, గెలిచినవాడి ముఖంతో.

పెద్దాయనకూ ఆసక్తి పుట్టింది. రోగం ఒకటే, గేజీ మాత్రం మాట మార్చింది. ముల్లు కింద ఉండి హారన్ నీరసంగా ఉంటే గాలి పుట్టే చోటో, గాలి పోయే చోటో చూడాలి. ముల్లు పైన ఉండీ హారన్ పలకకపోతే ట్యాంకు నుంచి బాకా దాకా ఉన్న దారిలో ఏదో అడ్డం ఉంది. ఆ దారి పొడుగైనదేమీ కాదు. ఒక నైలాన్ పైపు, బటన్ నొక్కితే కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు, బాకా మెడలో రేకు. గాలి వచ్చి ఆ పలుచని రేకును ఎత్తుతుంది. ఎత్తిన సందులోంచి బాకాలోకి దూరుతుంది. ఒత్తిడి తగ్గగానే రేకు మళ్ళీ మూసుకుంటుంది. సెకనుకు కొన్ని వందల సార్లు ఇలా తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటేనే కూత. పొడుగు బాకా మంద్రంగా, పొట్టి బాకా తారస్థాయిలో పలుకుతుంది. రేకు పగిలినా, దానికింద మట్టి చేరినా, నీళ్ళు నిలిచినా ఆ లయ తప్పుతుంది.

వాల్వు సంగతి క్లీనరు చూశాడు. బటన్ నొక్కినప్పుడల్లా "టక్"మని గట్టిగానే కొట్టుకుంటోంది. అంటే కరెంటు వస్తోంది, ఎర్త్ బాగుంది. టక్‌మనకుండా వణికి ఊరుకుంటే తీగను అనుమానించాలి. నగరంలో కార్లకూ, బైకులకూ బిగించుకునే చిన్న 12 వోల్టుల హారన్లలో ఎక్కువగా ఉండే జబ్బు అదే. వాటికి ట్యాంకు ఉండదు. గుప్పెడంత మోటారు అప్పటికప్పుడు గాలి ఒత్తి బాకాలోకి పంపాలి. పాత హారన్ సన్నతీగకే దాన్ని తగిలిస్తే మోటారుకు చాలినంత కరెంటు అందదు, గాలి పుట్టదు. బ్యాటరీ నుంచి మందపాటి తీగ లాగి మధ్యలో రిలే పెడితే సగం కేసులు అక్కడే తీరిపోతాయి. మోటారు నుంచి బాకాకు వెళ్ళే రబ్బరు ట్యూబు ఎండకు బీటలిచ్చి ఉంటే మిగతా సగంలో చాలా వరకు అక్కడ తేలుతాయి.

పెద్దాయన అసలు పరీక్షను డిండి దాకా వాయిదా వేశాడు. రోడ్డు మీద వెల్దండ, కొట్ర క్రాస్‌రోడ్డు వచ్చి పోయాయి. వాన తడికి పత్తి చేలు మెరుస్తున్నాయి. డిండి జలాశయం కనిపించే చోట అందరూ ఫొటోలకు దిగితే ఆయన కర్ర పట్టుకుని బస్సు పక్కన వంగి, ట్యాంకు అడుగున వేలాడే చిన్న రింగు చూపించాడు.

"గుంజు."

క్లీనరు లాగాడు. గాలికంటే ముందు నీళ్ళు వచ్చాయి. వట్టి నీళ్ళు కాదు, కాఫీ రంగులో, నూనె తెట్టుతో. ఒక ట్యాంకు, ఇంకో ట్యాంకు, మూడోది. రోడ్డు పక్క మట్టి తడిసిపోయింది.

ఎప్పుడు తీశారని అడిగితే డ్రైవరు క్లీనరు వైపు చూశాడు, క్లీనరు జలాశయం వైపు చూశాడు.

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. ట్యాంకులోకి వెళ్ళి చల్లారాక అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఆ తేమను దారిలోనే పీల్చేయడానికి ఎయిర్ డ్రయ్యర్ ఉంటుంది. దాని డబ్బాలో నీటిని పీల్చే గుళికలు ఉంటాయి. కాలం తీరాక ఆ డబ్బా మార్చాలి. మార్చకపోతే గుళికలు పనికిరాక ఊరికే కూర్చుంటాయి, నీళ్ళు ట్యాంకులోకి, అక్కడి నుంచి పైపుల్లోకి పోతాయి. పైపు వంపులో, బాకా మెడలో నిలిచిన గుక్కెడు నీళ్ళు చాలు హారన్ నోరు మూయడానికి. డ్రయ్యర్ ఉన్నా సరే, అప్పుడప్పుడూ రింగు లాగి చూడాలి. ఒక చుక్కా రాకపోతే డ్రయ్యర్ బాగున్నట్టు. నీళ్ళు కారితే దాని పని అయిపోయినట్టు. నూనె కూడా ఎక్కువగా వస్తే కంప్రెసర్ రింగులు అరిగాయని అర్థం. ఆ నూనె కాలి బొగ్గై, కంప్రెసర్ నుంచి బయల్దేరే పైపును లోపలి నుంచి పూడ్చేస్తుంది. ఇక గాలి ఎక్కడం ఆలస్యమవుతుంది. పొద్దున దోమలగూడలో బస్సు అంతసేపు నిలబడ్డానికి కారణం ఏమై ఉంటుందో పెద్దాయన అప్పుడే లెక్కగట్టుకున్నాడు గాని పైకి చెప్పలేదు.

నీళ్ళు పోయాక హారన్ కొట్టి చూశారు. మొదట గురగుర, తర్వాత తుంపర, ఆ తర్వాత కూత. ఫొటోలు దిగుతున్నవాళ్ళు ఉలిక్కిపడి పరుగున వచ్చి బస్సెక్కారు.

హాజీపూర్ దాటి మన్ననూరు ఎక్కితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణ వాటాకు వచ్చిన భాగం ఇదే. చెక్‌పోస్టు దగ్గర రుసుము కట్టి, ప్లాస్టిక్ సీసాల గురించి నాలుగు మాటలు పడి ముందుకు కదిలారు. ఇక్కడ హారన్‌తో పనిలేదు, ఉండకూడదు కూడా. చెంచు పెంటల మధ్య నుంచి సాగే ఈ రోడ్డు మీద వేగం తగ్గించుకుని పోవాల్సిందే. వటవర్లపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా వచ్చిన కోతుల గుంపు కోసం బస్సు ఓపిగ్గా ఆగింది. డ్రైవరు వేలు బటన్ మీదికి వెళ్ళి, పెద్దాయన దగ్గు విని వెనక్కి వచ్చింది.

దోమలపెంట, ఈగలపెంట దాటాక ఘాటు దిగుడు. కృష్ణ లోయ ఒక వంపులో కనిపిస్తుంది, మరో వంపులో మాయమవుతుంది. వంపు వంపుకూ బ్రేకు, వంపు వంపుకూ హారన్. ఎదురుగా వచ్చే బండికి మనం ఉన్నామని తెలియాలి కదా. రోజంతటిలో హారన్‌కు నిజంగా పని పడిన చోటు ఇదొక్కటే. సరిగ్గా ఇక్కడే అది మళ్ళీ బొంగురుపోయింది.

ఈసారి గేజీ చూడమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రెండు ముళ్ళలో వెనక బ్రేకులది 6 కిందికి జారింది. ఇంకో వంపు తిరిగేసరికి 5. బజరు మొదలైంది.

"మూడో గేరు తీసి రెండో గేరుల దింపు. బ్రేకు మీద కాలు తియ్యి. ఎడల్పు కాడ పక్కకు ఆపు" అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు గాని ఆ గొంతులో ఇందాకటి మురిపెం లేదు.

ఘాటు దిగేటప్పుడు కింది గేరు వేయడంలో రెండు లాభాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. రెండోది చాలామందికి తట్టదు. కింది గేరులో ఇంజను వేగంగా తిరుగుతుంది, దాంతోపాటు కంప్రెసరూ. అంటే బ్రేకుల వాడకం తగ్గడం, గాలి పుట్టడం పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పై గేరులో నెమ్మదిగా, బ్రేకు మీద కాలు వేసి దిగేవాడికి రెండూ ఎదురు తిరుగుతాయి. గాలి ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. బ్రేకు డ్రమ్ములు వేడెక్కడం అదనం.

వెడల్పు చోటు చూసి ఆపారు. గేరులోనే ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్ళు పెట్టాకే జనాన్ని దింపారు. గాలి పూర్తిగా పోతే బస్సు బ్రేకులు లేక లోయలోకి దొర్లుతుందని వెనక సీటు పెద్దమ్మ భయం. ఈ తరం బండ్లలో హ్యాండ్ బ్రేకు తీరు వేరు. వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులు బ్రేకును ఎప్పుడూ పట్టేయాలనే చూస్తుంటాయి. గాలి వాటిని వెనక్కి నొక్కిపెట్టి ఉంచుతుంది. గాలి పడిపోతే స్ప్రింగు గెలిచి చక్రాలు పట్టేస్తాయి. బండి కదలదు. అయితే దిగుడులో, వంపు మధ్యలో, డ్రైవరు అనుకోని క్షణంలో వెనక చక్రాలు వాటంతటవే పట్టేయడం కూడా క్షేమం కాదు. బజరు మోగేది దాన్ని తప్పించడానికే.

1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అమెరికాలో రైళ్ళకు గాలి బ్రేకు కనిపెట్టినప్పుడు మొదట గాలి పంపితేనే బ్రేకు పడేది. పైపు తెగితే బ్రేకే ఉండేది కాదు. కొన్నేళ్ళకే ఆయన దాన్ని తిరగేశాడు. గాలి పోతేనే బ్రేకు పడాలన్నాడు. బస్సు వెనక చక్రాల స్ప్రింగుల్లో ఉన్న ఆలోచన కూడా అదే. మన దేశంలో 1962లో మద్రాసులో సుందరం క్లేటన్ బ్రిటిష్ కంపెనీ సాయంతో లారీలకు, బస్సులకు గాలి బ్రేకులు తయారు చేయడం మొదలుపెట్టింది. వెస్టింగ్‌హౌస్ పేరులోంచి పుట్టిన వాబ్కో తర్వాత ఆ వ్యాపారంలోకి వచ్చింది. పెద్దాయన తరం ఆర్టీసీ మెకానిక్కులకు ఈ పేర్లు కంఠతా వచ్చు.

ఇంజను ఆపమన్నాడు. అడవిలో నిశ్శబ్దం, దాని మధ్య బస్సు కింద నుంచి సన్నగా "స్స్స్". క్లీనరు పడుకుని లోపలికి దూరాడు. చేయి పెట్టి వెతికితే దొరికింది. వెనక బ్రేకు ట్యాంకుకు ఎవరో టీ జాయింటు పెట్టి, అక్కడి నుంచి ఒక నైలాన్ పైపు ముందుకు లాగారు. ఓనరు బిగించిన పొడుగు బాకాల పైపు అది. చాసిస్ అంచుకు రాసుకుని రాసుకుని ఒకచోట పొర లేచి చిల్లు పడింది. గాలి పోతున్నది అక్కడే.

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. హారన్ లైను ఇవ్వాల్సింది ప్రొటెక్షన్ వాల్వు దాటాక, మిగతా పనులకని ఉంచిన నాలుగో దారి నుంచి. అక్కడ ఇస్తే బాకాలు కాస్త ఆలస్యంగా పలుకుతాయి, గాలి తక్కువున్నప్పుడు నీరసంగా పలుకుతాయి. ఓనరుకు అది నచ్చలేదు. రోడ్డు పక్క ఫిట్టరు సులువు మార్గం చూశాడు: ఎప్పుడూ నిండుగా ఉండేది బ్రేకు ట్యాంకే కదా, దానికే తగిలిస్తే పోలా! దాంతో వరస మొత్తం తలకిందులైంది. హారన్ కొట్టిన ప్రతిసారీ వెనక బ్రేకుల గాలి ఖర్చవుతోంది. పైపు చిల్లు పడితే కొట్టకపోయినా ఖర్చవుతోంది. ఇది అజ్ఞానం అని సరిపెట్టుకోవడానికి లేదు. వాల్వు ఎందుకు పెట్టారో ఫిట్టరుకు తెలుసు, అందుకే దాన్ని తప్పించుకుని పోయాడు.

అక్కడికక్కడే పైపును రెండుగా మడిచి తీగతో గట్టిగా కట్టారు. చప్పుడు ఆగింది. ఇంజను స్టార్ట్ చేసి రేసు ఇస్తూ ముల్లు 8 ఎక్కేదాకా ఆగారు. రెండో గేరులో, బాకాలు ముట్టుకోకుండా, కంపెనీ హారన్ ఒక్కటీ వాడుకుంటూ కిందికి దిగి, డ్యామ్ దిగువన వంతెన మీద కృష్ణను దాటారు. పైన 12 గేట్ల డ్యామ్. నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఆ రోజు గేట్లన్నీ మూసే ఉన్నాయి. భజన బృందానికి మాత్రం గేట్లకంటే అవతలి గట్టు ఎక్కడమే పెద్ద విశేషమైంది.

వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. 2022 నుంచి నంద్యాల జిల్లా. సున్నిపెంట ప్రాజెక్టు కోసం పుట్టిన ఊరు. మెకానిక్ షెడ్డు వెతుక్కోవాల్సిన పనిలేదు. షెడ్డు మేస్త్రీ విషయం సగం విని నవ్వాడు.

"యాడ లాగినారప్పా దీన్ని? బ్రేకు ట్యాంకుకా? కొండకొచ్చే బండ్లల్లో ఇట్లాటివి శానా జూసినాం లే."

షాంపూ పొట్లం నీళ్ళలో కలిపి, బ్రష్షుతో ప్రతి జాయింటుకూ పూశాడు. బుడగలు వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత. చిల్లు పైపు కాక మరో రెండు చోట్ల చిన్న చిన్న బుడగలు వచ్చాయి: ఒక ట్యాంకు రింగు దగ్గర మట్టి చేరి సరిగ్గా మూసుకోలేదు, ఒక నట్టు వదులైంది. బ్రేకు తొక్కి పట్టమని చక్రాల దగ్గర చాంబర్లకూ పూశాడు. తొక్కినప్పుడే లీకైతే అది డయాఫ్రమ్ చిరిగినట్టు. అవి బాగున్నాయి. టీ జాయింటు పీకేసి, ఆ రంధ్రానికి ఇత్తడి ప్లగ్గు బిగించాడు.

తర్వాత పెద్దాయన తన పరీక్ష పెట్టాడు. ముల్లు 8 మీద ఉండగా ఇంజను ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, ఫోనులో నిమిషం చూడటం. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సుకు వెళ్ళేవాళ్ళు పరీక్షాధికారి ముందు చేసి చూపించాల్సింది ఇదే. ట్రెయిలర్ లేని బండికి నిమిషంలో 3 పీఎస్ఐ మించి, అంటే మన లెక్కలో 0.2 కేజీ మించి, గాలి తగ్గకూడదు. నిమిషం గడిచింది. ముల్లు ఉన్నచోటే ఉంది. షెడ్డు మేస్త్రీ ముచ్చటపడి ఇంకో నిమిషం తొక్కి పట్టమన్నాడు.

ఇక ఓనరు ఫోను. స్పీకరులో పెట్టారు.

"బాకాలు ఎందుకు పీకినవ్ రా? పైపు మారిస్తే అయిపోయేది గద. వాటికెంత పెట్టిన్నో ఎరికేనా?"

"బ్రేకు ట్యాంకుల కెళ్ళి ఇచ్చిండ్రన్నా..."

"ఏడికెళ్ళి ఇస్తే ఏంది? మోగుతున్నయా లేదా?"

డ్రైవరు ఫోను పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన తన పేరు చెప్పలేదు, ఆర్టీసీ ముచ్చటా తేలేదు. ఘాటులో ముల్లు ఏ వంపులో ఎంత ఉందో, బస్సులో ఎంతమంది ఆడవాళ్ళున్నారో, అందులో ఒకావిడ వయసెంతో వరసగా చెప్పాడు. అవతల నుంచి కాసేపు మాట రాలేదు. తర్వాత బిల్లెంతయిందని అడిగాడు. కూలీ, ప్లగ్గు కలిపి డ్రైవరు చెప్పిన అంకె విని, అంతేనా అన్నాడు.

ఊడదీసిన బాకాలు డిక్కీలో పడ్డాయి. పెద్దాయన చీటీ రాసి డ్రైవరుకిచ్చాడు: డ్రయ్యర్ డబ్బా మార్చాలి, కంప్రెసర్ రింగులూ డెలివరీ పైపూ విప్పి చూడాలి, ట్యాంకుల నీళ్ళు వదలాలి. చివరిదాని కింద రెండు గీతలు. డ్రైవరు దాన్ని గేజీ పక్కన టేపుతో అంటించాడు. మల్లన్న దర్శనానికి అప్పటికే మధ్యాహ్నమైంది. తిరుగు ప్రయాణంలో రాత్రి 9 లోపు దోమలపెంట గేటు దాటకపోతే అడవి దారి మూసేస్తారు, మళ్ళీ తెరిచేది పొద్దున 6కే. అందుకని క్యూలో నిలబడే ముందే మేస్త్రీ గారు బృందానికి సాయంత్రం ఐదున్నర గడువు పెట్టాడు. హార్మోనియం ఆవిడ ఆరు అడిగింది, ఆయన ఒప్పుకోలేదు.